పన్నెండు యంత్రాల గది

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీ చేశారు. వాళ్లలో 178 మంది రైతులు. పసుపు బోర్డు పెట్టండి, పసుపుకూ ఎర్రజొన్నకూ మద్దతు ధర ఇవ్వండి అని ఏళ్ల తరబడి అడిగి, రోడ్ల మీద కూర్చుని, బ్యాలెట్ మీద తమ పేర్లే ఎక్కిస్తే అప్పుడైనా ఢిల్లీ ఇటు చూస్తుందని నామినేషన్లు వేసినవాళ్లు. ఏప్రిల్ 11న పోలింగ్. ఆర్మూరు వైపు ఒక ఊరి బడిలో నాకు ప్రిసైడింగ్ ఆఫీసర్ డ్యూటీ పడింది.

నేను ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాను. ఈ ఉద్యోగంలోకి రాకముందు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొన్నేళ్లు యూఎక్స్ డిజైనర్‌గా పనిచేశాను. ఫోన్ తెర మీద ఏ బటన్ ఎక్కడ ఉండాలి, దాని మీద ఏ మాట ఉండాలి, మనిషి ఎక్కడ తడబడతాడు, తడబడ్డవాడు మళ్లీ దారిలో ఎలా పడతాడు, ఇవి ఆలోచించే పని అది. చేసినదాన్ని పరీక్షించడానికి కొందరిని పిలిపించేవాళ్లం. చల్లటి గది, కాఫీ, ఇంగ్లిష్ చదవగలిగిన కుర్రవాళ్లు. ఆ గదిలో మా డిజైన్లన్నీ బాగానే ఉండేవి.

పాలిటెక్నిక్‌లో ఈ విషయం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా అమెరికాలోని ఫ్లోరిడా బ్యాలెట్‌తో మొదలుపెట్టేదాన్ని. 2000 అధ్యక్ష ఎన్నికల్లో పామ్ బీచ్ కౌంటీలో పేర్లను రెండు పేజీల్లో అటూ ఇటూ అచ్చువేసి, చిల్లు పొడిచే చోట్లను మధ్యలో ఒకే వరసగా పెట్టారు. ఎడమవైపు రెండో పేరు అల్ గోర్‌ది. కానీ ఆయనకు పొడవాల్సింది మూడో చిల్లు. రెండోది కుడివైపు మొదటి పేరైన బుకానన్‌ది. ఆ కౌంటీలో బుకానన్‌కు 3,400కు పైగా ఓట్లు పడ్డాయి. ఫ్లోరిడా మొత్తాన్ని జార్జ్ బుష్ 537 ఓట్ల తేడాతో గెలిచారు, దానితో అధ్యక్ష పదవీ గెలిచారు. విద్యార్థులకు నేను గట్టిగా చెప్పే సంగతి ఇంకొకటుంది. అలా రెండు పేజీలు చేసింది ముసలివాళ్లకు అక్షరాలు పెద్దగా కనపడాలని. ఉద్దేశం మంచిదే. అచ్చువేసే ముందు ఆ ముసలివాళ్ల చేతికి ఒక కాగితం ఇచ్చి, వాళ్లేం చేస్తారో పక్కన నిలబడి చూసుంటే సరిపోయేది.

మన ఓటింగ్ యంత్రంలో ఆ చిక్కు లేదు. వరస సంఖ్య, పేరు, ఫొటో, గుర్తు, ఎర్ర దీపం, నీలం మీట, అన్నీ ఒకే గీత మీద ఉంటాయి. చూపుడు వేలు గుర్తు దగ్గర పెట్టి కుడివైపుకు జరిపితే మీట దగ్గరికే చేరుతుంది. చదువు రానివాళ్లకు గుర్తు, చూపు లేనివాళ్లకు మీట పక్కన బ్రెయిలీ అంకె, ఓటు పడిందని అందరికీ తెలియడానికి బీప్. దీని తొలి నమూనాను 1979లో మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసింది. 1982లో కేరళలోని పరవూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో మొదటిసారి వాడారు. తర్వాత దాని రూపాన్ని దిద్దినవాళ్లు బొంబాయి ఐఐటీలోని ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ అధ్యాపకులు ఏ.జి. రావు, రవి పూవయ్య. దేశంలో ఇంతమంది చేతులు తాకిన డిజైన్ ఇంకొకటి ఉందనుకోను. దీని గురించి డిజైన్ చదివే పిల్లలకు కూడా తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అయితే మీటలుండే ఒక్కో బ్యాలెట్ యూనిట్ మీద పట్టేది 16 పేర్లే. 185 మంది, నోటాతో కలిపి 186. అంటే పన్నెండు యూనిట్లు కావాలి. పాత రకం యంత్రానికి నాలుగు యూనిట్లకు మించి కలపడం కుదరదు. అప్పటికి కొత్తదైన ఎం3 రకానికి 24 దాకా కలపొచ్చు. అది లేకపోతే కాగితం బ్యాలెట్టే దిక్కయ్యేది. 1996లో నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ దేశానికి తెలియాలని జనం ఇలాగే నామినేషన్లు వేస్తే 480 మంది బరిలో మిగిలారు. బ్యాలెట్‌ను పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది.

ముందు రోజు సాయంత్రానికి మా గదిలో పన్నెండు యూనిట్లూ బల్లల మీదికి చేరాయి. గోడ వెంట కొన్ని, మూల తిరిగి ఇంకొన్ని. ఒకదాని తీగ ఇంకొకదానిలోకి, చివరికి, ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపే వీవీప్యాట్‌లోకి, అక్కడినుంచి నా ముందున్న కంట్రోల్ యూనిట్‌లోకి. ప్రతి యూనిట్‌లో దాని సంఖ్య తిప్పిపెట్టే చక్రం ఉంటుంది. అందులో ఏది తప్పినా కంట్రోల్ యూనిట్ ముందుకు కదలదు. ఆ మొండితనాన్ని చూసి నాకు చాలా ముచ్చటేసింది. అప్పటికి మాకు నిద్ర లేదు. మా అసిస్టెంట్ ప్రిసైడింగ్ ఆఫీసర్ గారు ఏ కవరులో ఏ ఫారం పెట్టాలో నాలుగోసారి సరిచూస్తున్నారు. అలసిపోయినవాళ్ల చేతిలో తప్పు జరగనివ్వని వరసను ఎవరో ముందే ఆలోచించి పెట్టారు. క్లోజ్ నొక్కనిదే రిజల్ట్ పనిచేయదు. క్లోజ్ నొక్కాక ఇంకో ఓటు పడదు. రిజల్ట్ మీట మూత కింద, ఆ మూత కాగితపు సీలు కింద. యూఎక్స్ అనగానే అందరికీ ఓటరే గుర్తొస్తాడు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ యంత్రాన్ని వాడేది మాత్రం పోలింగ్ సిబ్బంది.

పొద్దున ఆరింటికి మాక్ పోల్, అంటే పరీక్ష ఓటింగ్, మొదలైంది. ప్రతి పేరుకూ ఒక్క ఓటైనా వేసి చూపించాలి కాబట్టి 186 సార్లు మీట నొక్కాలి, ప్రతిసారీ వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనిపించి పడేదాకా ఆగాలి. అందుకే మిగతా చోట్ల ఏడింటికి మొదలయ్యే పోలింగ్ మాకు ఎనిమిదింటికి పెట్టి, సాయంత్రం ఆరు దాకా సమయమిచ్చారు. అభ్యర్థుల ఏజెంట్లు వంతులవారీగా నొక్కారు. చివరికి సీఆర్సీ చేసి, అంటే క్లోజ్, రిజల్ట్, క్లియర్ నొక్కి, చీటీలన్నీ తీసి నల్ల కవరులో సీలు వేసేసరికి చెమటలు కారుతున్నాయి. బయట వరస బడి గేటు దాటింది.

ఓటరు కంపార్ట్‌మెంట్‌లోకి వెళ్లాక మేం చూడకూడదు. కానీ వినపడుతుంది. కంట్రోల్ యూనిట్ మీద బిజీ దీపం ఎర్రగా వెలుగుతూ ఉంటుంది, ఓటు పడితే ఆరిపోతుంది. నా రోజంతా ఆ దీపం మీద, అడుగుల చప్పుడు మీద గడిచింది. కొందరికి దీపం వెంటనే ఆరిపోయేది. గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు జాబితాలో ముందుంటారు, అంటే మొదటి యూనిట్‌లోనే. స్వతంత్రులు ఆ తర్వాత, పేర్ల అక్షరక్రమంలో. నోటా పన్నెండో యూనిట్‌లో పదో మీట. దాని తర్వాతి ఆరు మీటలకు తెల్ల మూతలు. మొదటి యూనిట్ దాటి నడిచినవాళ్ల దీపం చాలాసేపు వెలిగేది.

ఒక పెద్దావిడ లోపలికి వెళ్లి కొంతసేపటికి తల బయటికి పెట్టింది. "బిడ్డా, ఇన్ని మిషన్లున్నయి, మావోడు ఏ మిషన్ల ఉన్నడో ఎట్ల తెలుస్తది?"

నేను చెప్పకూడదు, లోపలికి వెళ్లకూడదు. నమూనాగా ఇచ్చిన అట్టముక్క చూపించి, "అమ్మా, గుర్తు చూసి పక్కనే ఉన్న నీలం మీట నొక్కాలె" అన్నాను. ఆ అట్ట మీద ఒక్క యంత్రమే ఉంది. ఎలా నొక్కాలో ఆమెకు ముందే తెలుసు. ఆమె అడిగింది ఎక్కడ వెతకాలని. ఆ ప్రశ్నకు జవాబు నా బల్ల మీద ఉన్న సామానులో దేనిలోనూ లేదు. ఆమె మళ్లీ లోపలికి వెళ్లి, గుర్తులన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ నడిచింది. చాలాసేపటికి బీప్ వినపడింది. ఆ బీప్‌కు మా ఓపీఓ (ఇతర పోలింగ్ ఆఫీసర్) ఊపిరి పీల్చుకోవడం నాకు గుర్తుంది.

పదింటి తర్వాత ఒక మార్పు గమనించాను. ఓటర్లు కొందరు నేరుగా నడిచి వెళ్లి చటుక్కున వచ్చేస్తున్నారు. ఇంకు పెట్టడానికి చెయ్యి చాపిన ఒక కుర్రాడి అరచేతిలో పెన్నుతో రెండు అంకెలు రాసి ఉన్నాయి. లోపలి నుంచి ఒకాయన గొంతు పైకే లెక్కపెట్టడం వినపడింది: "ఒకటి, రెండు, మూడు..." ఊళ్లో జనం దారి కనిపెట్టేశారు. వరస సంఖ్య నూటికి పైన ఉంటే ఎవరికీ గుర్తుండదు. దాన్ని వాళ్లు చిరునామాగా మార్చుకున్నారు: ఎన్నో మిషన్, అందులో పైనుంచి ఎన్నోది. ఇంటికి వీధి పేరు, గడప గుర్తు చెప్పినట్టు. రెండు చిన్న అంకెలు, ముసలివాళ్లకైనా నోటికొస్తాయి. ఏ శిక్షణలోనూ ఎవరూ వాళ్లకు ఇది చెప్పలేదు.

కానీ ఆ చిరునామాలో వీధి పేరు రాసిన బోర్డు లేదు. ప్రతి యూనిట్ మీది బ్యాలెట్ పేపర్‌పై షీట్ నంబరు అచ్చయి ఉంటుంది, అది దగ్గరికి వంగితే తప్ప కనపడనంత చిన్నది. అందుకే అందరూ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ పోవాల్సి వచ్చింది. మూల తిరిగే చోట లెక్క తప్పేది. "ఇది ఆరా, ఏడా?" అని లోపలినుంచి అడిగినవాళ్లున్నారు. జవాబు చెప్పొచ్చా, చెబితే ఏజెంట్లు ఏమంటారు అని ప్రతిసారీ గది మొత్తం ఒక్క క్షణం ఆగిపోయేది. ఏజెంట్లలో పెద్దాయన ఒకరు చివరికి అన్నారు: "చెప్పున్రి మేడం, అంకె చెప్తే ఎవరికి ఓటేసినట్టు? మాకేం అభ్యంతరం లేదు." మిగతావాళ్లూ తలూపారు. అప్పటినుంచి, లోపలికి వెళ్లేముందే ప్రతి ఓటరుకూ మా ఓపీఓ ఒకే మాట చెప్పడం మొదలుపెట్టాడు. "తలుపు దిక్కున్నది ఒకటో మిషన్. మూల తిరగంగనే ఏడోది." అందరికీ అదే మాట, ఏ ఒక్కరికీ ఎక్కువ తక్కువ లేకుండా. వరస తొందరగా కదలసాగింది.

వీవీప్యాట్ విషయంలో మాత్రం ఏమీ చేయలేకపోయాం. మా గదిలో అది వరస చివర ఒకచోట ఉంది. అవతలి కొసన మీట నొక్కినవాళ్లు ఎటు తిరిగి చీటీ చూడాలో తెలుసుకునే లోపు ఏడు సెకన్లు అయిపోయేవి. ఒక యూనిట్ పక్కన ఒక వీవీప్యాట్ ఉండే చోట ఆ ఏడు సెకన్లు సరిపోతాయి. పన్నెండు యూనిట్లు దాటి చూడాల్సిన చోట సరిపోవు. ఓటు పడింది, పడాల్సినవారికే పడింది, దాన్ని కళ్లతో చూసుకునే అవకాశం మాత్రం చాలామందికి దక్కలేదు. అది చిన్న లోటు అని నేను అనను. ఆ యంత్రం అక్కడ ఉన్నదే అందుకు.

మధ్యాహ్నం ఎండలో ఒక రైతు వచ్చారు, పోటీలో ఉన్న అభ్యర్థుల్లో ఆయనొకరు. చేతుల మీద పసుపు మరక ఇంకా పోలేదు. ఇంకు పెట్టించుకుంటూ, లోపల పరిచిన యంత్రాల వైపు చూసి అన్నారు: "గిన్ని మిషన్లు వెట్టిన్రు గదా మేడం మా కోసం. ఎవలన్న చూస్తరు ఇగ." ఆయన లోపలికెళ్లాక దీపం చాలాసేపు వెలిగింది.

సాయంత్రం ఆరింటికి గేటు లోపల ఉన్నవాళ్లకు చీటీలిచ్చి, వాళ్లందరి ఓట్లూ పడ్డాక క్లోజ్ నొక్కాను. రిజిస్టర్‌లో సంతకాల లెక్క, కంట్రోల్ యూనిట్ చూపిన మొత్తం ఒక్కటే. పన్నెండు యూనిట్లు, పగలంతా వేడి, ఎన్నో చేతులు, అయినా ఒక్క ఓటు తేడా రాలేదు. రాసి సంతకం పెడుతుంటే ఆ యంత్రాన్ని దిద్దినవాళ్ల మీద నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. లెక్కలో అది గెలిచింది. వెతుకులాటలో ఓడింది. ఈ రెండూ కలిపే నేను తరగతిలో చెబుతున్నాను. ఫ్లోరిడా బ్యాలెట్‌కు ఇచ్చే సమయం ఇప్పుడు తగ్గించాను. తమ అమ్మమ్మలు ఆ రోజు ఎలా ఓటేశారో ఆర్మూరు వైపు పిల్లలు ఇంటికెళ్లి అడిగి రాసుకొస్తారు. ఏ పుస్తకంలోనూ లేని సంగతులు ఆ రాతల్లో ఉంటున్నాయి.

జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా 2025 జనవరి 14న మొదలైంది. కానీ ఇలా వందల సంఖ్యలో నామినేషన్లు వేసి గోడు చెప్పుకునే పద్ధతి మన దగ్గర నల్గొండ నాటి నుంచీ ఉంది, ఇకముందూ ఉంటుంది. ఎం3 యంత్రం నోటాతో కలిపి 384 పేర్లు మోయగలదు. అందుకని ఎన్నికల సంఘానికి నా విన్నపం. ఒకటికి మించి యూనిట్లు పెట్టే ప్రతి చోటా, ఒక్కో యూనిట్ పైన అరచేతి వెడల్పు అంకె అంటించండి. బడి బయట గోడకు అంటించే అభ్యర్థుల జాబితాలో ప్రతి పేరు పక్కన గుర్తు బొమ్మ, యూనిట్ సంఖ్య, వరస సంఖ్య అచ్చువేయండి. నమూనా అట్టను కూడా అన్ని యూనిట్లతో చేయించండి. చేయించాక దాన్ని ముందుగా ఒక ఊళ్లో, చదువు రాని నలుగురు పెద్దవాళ్ల చేతికిచ్చి చూడండి.