పేరు నిలిచే చోటు

విజయవాడ బందరు రోడ్డుకు మహాత్మా గాంధీ రోడ్డని పేరు మార్చారు. కానీ జనం నోట ఇప్పటికీ బందరు రోడ్డే! ఆ పేరు బందరుకు దారి చెబుతుంది కదా. అలాగని పేర్లు మార్చడం వృథా అనను. వియత్నాం యుద్ధం జరుగుతుండగా కలకత్తాలో అమెరికా కాన్సులేటు ఉన్న హారింగ్టన్ వీధికి హోచిమిన్ పేరు పెట్టారు. తమతో పోరాడుతున్నవాడి పేరే ఆ కాన్సులేటు చిరునామాలో చేరింది! ఆ పేరుకు చేయవలసిన పని ఉంది.

మా ఊళ్ళో చేలకు బోర్డులుండవు. మా మామ్మ కూలి డబ్బు కూడబెట్టి తవ్వించిన బావి వల్ల మా చేను "ముసలమ్మ బావి చేను" అయింది. నా చదువు కోసం నాన్న దాన్ని అమ్మేశారు. కొన్న ఆసామి కూడా దాన్ని ఆ పేరుతోనే పిలుస్తున్నాడు. ఆ బావిలో నీళ్ళు తోడుకునేవాళ్ళు ఉన్నంతకాలం ఆ పేరును ఏ తీర్మానం మార్చగలదు?