మాడుగుల పెరటిలో డాలియాలు

చోడవరం నుండి పాడేరు వెళ్లే బస్సు ఎక్కితే చాలాదూరం దారికి ఇరువైపులా చెరకు తోటలే కనిపిస్తాయి. ఈ నేలలో పండిన చెరకే ఒకవైపు గోవాడ చక్కెర కర్మాగారాన్ని, మరొకవైపు అనకాపల్లి బెల్లం మార్కెట్టును పోషించింది. వడ్డాది దాటిన తరువాత కొండలు దగ్గరపడతాయి. ఆ కొండల పాదాల వద్ద, మన్యానికి గుమ్మంలా ఉన్న ఊరు మాడుగుల. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించినప్పుడు ఈ ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. అయినా పెద్దవారి నోట ఇప్పటికీ విశాఖ జిల్లా మాడుగులే.

ఈ ఊరి పేరు చెప్పగానే అందరికీ గుర్తుకు వచ్చేది హల్వా. గోధుమలను నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలను నెయ్యితో కలిపి గంటల తరబడి కలియబెట్టి చేసే ఆ మిఠాయికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అయితే గత జనవరిలో మేము మాడుగుల వెళ్లింది హల్వా కోసం కాదు. మద్రసాలో అర్ధ సంవత్సర పరీక్షలు ముగిసి వారం రోజులు సెలవు దొరికింది. డెబ్బై ఏళ్లు దాటిన మా ఖాలా అక్కడ ఒంటరిగా ఉంటున్నారు. ఆమెను పలకరించి చాలాకాలమైంది.

నిజం చెప్పాలంటే, ఆ ప్రయాణాన్ని మేము రెండేళ్లుగా వాయిదా వేస్తూ వచ్చాము. కారణం మా మోకాళ్లు. బస్సు మెట్టు ఎక్కడమే మాకొక పరీక్ష. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు వేయాలని వైద్యుడు నేర్పారు. వెనుక నిలుచున్నవారు తొందరపెడుతుంటే ఏ కాలు ఏదో కూడా మరచిపోతాము.

ఖాలా ఇంటి తలుపు తెరిచి ఉంది. సలాము చేశాము. బదులు పెరటి నుండి వచ్చింది.

"వఅలైకుముస్సలామ్! లోపలికి రా నాయనా. నేను లేచి రాలేను, నువ్వే రావాలి."

పెరటిలోకి అడుగుపెట్టిన మేము నిలిచిపోయాము. గోడ వారన నడుమెత్తున ఇటుకలు పేర్చి, వాటి మీద రాతి పలకలు పరిచి ఉన్నాయి. ఆ పలకల మీద పగిలిన బకెట్లు, ఖాళీ రంగు డబ్బాలు, రెండు మూడు మట్టి కుండీలు. వాటిలో డాలియాలు. కొన్ని ఎర్రనివి, కొన్ని పసుపువి. ఒకటి తెల్లనిది, భోజనపు పళ్లెమంత వెడల్పు. వాటి ముందు ఎత్తు పీట మీద కూర్చుని ఖాలా వాడిన పువ్వులను కత్తెరతో తీసివేస్తున్నారు.

డాలియా మన నేల పువ్వు కాదు. దీని పుట్టిల్లు మెక్సికో కొండలు. అక్కడి ప్రాచీన ప్రజలు దీనిని పెంచుకున్నారు. స్పెయిన్ వారి ద్వారా ఇది ఐరోపాకు చేరింది. మాడ్రిడ్‌లోని వృక్షశాస్త్రజ్ఞుడు కవనీయెస్ 1791లో దీనికి స్వీడన్ దేశీయుడైన ఆండర్స్ డాల్ పేరు మీదుగా ఈ పేరు పెట్టాడు. 1963లో మెక్సికో దీనిని తన జాతీయ పుష్పంగా ప్రకటించింది. చల్లని కొండ ప్రాంతపు మొక్క గనుక మన మైదానాల వేసవిని ఇది సహించలేదు. చలికాలంలోనే పూస్తుంది.

"ఇంత చలువ మొక్క మీ ఇంట ఎలా పూసింది ఖాలా?" అని అడిగాము.

"దుంప మన్యం నుంచి వచ్చింది. బుద్ధి నాకు పడిన తర్వాత వచ్చింది" అని నవ్వారు.

మొదటి ఏడు ఆమె అందరిలాగే నేలలో మడి కట్టి దుంపలు నాటారు. కలుపు తీయడానికి గొంతుకు కూర్చున్న మనిషి తిరిగి లేవలేకపోయారు. అస్ర్ అజాన్ వినిపించే వరకు ఆ మట్టిలోనే కూర్చుని, పొరుగింటి అమ్మాయిని కేకవేసి లేపించుకున్నారు. ఆ రాత్రి పిల్లలకు ఫోను చేసి ఈ సంగతి చెప్పలేదట. చెబితే తోట మాన్పిస్తారని భయం. మరునాడే కూలీని పిలిచి ఇటుకలు పేర్పించారు. "నేను నేలకు వంగలేను, నేలనే నా దగ్గరకు ఎత్తుకున్నాను" అన్నారు.

ఆమె చెప్పిన పద్ధతిని పాఠకుల ఇళ్లలోని పెద్దల కోసం ఇక్కడ వివరిస్తున్నాము. అక్టోబరు తుపానుల వానలు తగ్గిన తరువాత దుంప నాటాలి. నీరు నిలిస్తే దుంప కుళ్లిపోతుంది. దుంప ఎంత లావుగా ఉన్నా, మెడ దగ్గర కన్ను లేకపోతే మొలక రాదు. ఎర్రమన్ను, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపిన మట్టి చాలు. డబ్బా అడుగున రంధ్రాలు తప్పనిసరి. మొలక కనిపించే వరకు నీరు బహు పొదుపుగా పోయాలి. నాలుగైదు జతల ఆకులు రాగానే తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. పెద్ద పువ్వు కావాలంటే కొమ్మ చివరనున్న మొగ్గలలో నడిమి దానిని ఉంచి పక్కవి తీసివేయాలి. మార్చి ఎండలకు మొక్క పసుపుబారిన తరువాత దుంపలు తవ్వి, నీడలో ఆరబెట్టి, పొడి ఇసుక నింపిన కుండలో దాచాలి. కొన్ని ఎండిపోతాయి, కొన్ని కుళ్లుతాయి, మిగిలినవి మరుసటి ఏటికి. గింజ వేస్తే తల్లి రంగే వస్తుందన్న నమ్మకం లేదు. దుంపయితే అదే రంగు పూస్తుంది.

"అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ కర్ర" అని ఖాలా ఒక వెదురు కర్రను తట్టి చూపించారు. "దుంప నాటిన రోజే దీనిని పాతాలి. డాలియా కాడ లోపల బోలు. పువ్వు బరువుకు విరిగిపోతుంది. విరిగిన తర్వాత చూద్దాంలే అనుకుని అప్పుడు కర్ర గుచ్చితే అది పోయి దుంపకే తగులుతుంది."

జుహర్ వేళయింది. ఖాలా లోపలికి వెళ్లి కుర్చీ మీద నమాజ్ చేశారు. మేము పక్క గదిలో చాప పరచుకున్నాము. సజ్దా నుండి లేచే ప్రతిసారీ మా నోటి నుండి ఒక మూలుగు బయటపడింది. సలాము ఫేరిన తరువాత చూస్తే ఖాలా గుమ్మంలో ఉన్నారు.

"ఎన్నాళ్లనుంచి ఇలా?"

"మూడేళ్లు."

"కుర్చీ ఎందుకు తీసుకోవు?"

మేము జవాబు చెప్పలేదు. చెప్పదగిన జవాబు మా దగ్గర లేకపోవడం వల్ల కాదు. ఉండడం వల్ల.

చాలా ఏళ్ల క్రితం మేము నమాజ్ చేయించే మస్జిదులో ఒక వృద్ధుడు కుర్చీ వేసుకుని మొదటి వరుసలో కూర్చునేవారు. ఒక జుమా రోజున పదిమంది ఎదుట మేము ఆయనతో, "దుకాణంలో రోజంతా నిలబడడానికి ఉన్న మోకాళ్లు సజ్దాకు లేవా?" అన్నాము. ఆయన మారు పలకలేదు. తరువాతి వారం నుండి వరండాలో, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా కూర్చోసాగారు. కొంతకాలానికి ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. మేము క్షమాపణ కోరలేదు. ఇప్పుడు కుర్చీ మీద కూర్చోవడమంటే మా మాట మా మెడకే చుట్టుకున్నట్టు.

ఆ సంగతి మొదటిసారిగా ఖాలాకు చెప్పాము. ఆమె చాలాసేపు మౌనంగా ఉన్నారు. తరువాత అన్నారు: "నిలబడడం వేరు, వంగి లేవడం వేరు. ఆ సంగతి మోకాళ్లు నొచ్చినవాళ్లకే తెలుస్తుంది. నువ్వు చదివిన కితాబుల్లో లేదా ఇది?"

లేకేమి? ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) తమ అనారోగ్యం గురించి అడిగినప్పుడు, నిలబడి నమాజ్ చేయమని, అది సాధ్యం కాకపోతే కూర్చుని, అదీ సాధ్యం కాకపోతే పక్కకు పడుకుని చేయమని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ప్రతి సంవత్సరం దానిని మేము పిల్లలకు బోధిస్తూనే ఉన్నాము. సూరా మర్యమ్‌లో జకరియ్యా (అలై) తన ప్రభువును వేడుకున్నప్పుడు మొట్టమొదట విన్నవించుకున్నది తన ఎముకల బలహీనతనే. ఒక ప్రవక్త దాచుకోని బలహీనతను మేము ఎందుకు దాచుకున్నాము?

అయితే కొద్దిపాటి నొప్పికే కుర్చీ లాగుకోవాలని మా ఉద్దేశం కాదు. ఎవరి కష్టం ఎంతో తమ వైద్యుని, తమకు దగ్గరలోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. కుర్చీ మీద కూర్చున్నవారిని చూసి తీర్పు చెప్పడం మాత్రం మన పని కాదు.

వైద్యం కూడా మానకూడదు. 'గుజ్జు అరిగింది' అని మనం అనుకునేది కీలులోని మృదులాస్థి అరగడాన్నే. అరిగినది తిరిగి మునుపటిలా పెరగదు. కాని తొడ కండరాలు బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి, కొన్ని క్షణాలు నిలిపి దించే వ్యాయామం అందుకే చెబుతారు. శరీరం ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. ఈ మాట చెప్పినందుకు ఖాలా మా పళ్లెంలోని హల్వా ముక్కను సగం చేసి, పెద్ద సగం తాము తీసుకున్నారు.

తిరిగి వచ్చిన వారమే మేము ఆ వృద్ధుని కుమారుని ఇంటికి వెళ్లాము. వచ్చిన పని చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయన అంతా విని, "మా నాన్న ఈ మాట ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. వరండాలో గాలి బాగుంటుందనే చెప్పేవారు" అన్నారు. క్షమించానని ఆయన అన్నారు. కాని ఆ క్షమాపణ ఎవరిని అడగవలసిందో వారు లేరు. ఆయన కోసం దుఆ చేయడమే మాకు మిగిలింది.

ఇప్పుడు మా తరగతి గదిలో మాకొక కుర్చీ, ముందొక బల్ల ఉన్నాయి. మస్జిదులో ఇమామత్ బాధ్యతను మోకాళ్లు బాగున్న యువకునికి అప్పగించాము. కుర్చీలను వరండా నుండి తెచ్చి వరుసల చివరన, లోపలే వేయించాము.

మార్చి చివరలో ఖాలా నాలుగు దుంపలను పాత గుడ్డలో చుట్టి పంపారు. వాటితో పాటు నాలుగు వెదురు కర్రలు కూడా. దుంపలు ఇప్పుడు మా మంచం కింద ఇసుక కుండలో ఉన్నాయి. ఇటుకలు పేర్పించాము. అక్టోబరు వానలు తగ్గగానే నాటుతాము, ఇన్షాఅల్లాహ్. కర్రలు అదే రోజున పాతుతాము.