ఎవరికి, ఎప్పుడు, ఎంత

మన తిండి గొప్పదని ఇప్పుడు అందరూ అంటున్నారు. మేం చోళ్లంటాం, తెలంగాణలో తైదలంటారు, పట్నంలో రాగులంటారు. పేరు ఏదైనా వంద గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఆ లెక్క వింటే మనకు సంతోషమే. కానీ 'మన తిండే మనకు మందు' అని చెప్పి ఊరుకుంటే సరిపోదని మన్యం బడుల్లో పిల్లల మధ్య ఏళ్లుగా మసలుతున్న మాకు అనిపిస్తోంది. చోళ్లు పండే ఊళ్లోనే ఎముకలకు చర్మం అంటుకుపోయిన బిడ్డలున్నారు. ప్రార్థన వరుసలో నిలబడి కళ్లు తిరిగి కూలబడే ఆడపిల్లలున్నారు. తిండి మంచిదే. అది ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇవ్వాలో తెలిసినవాళ్లు మన దగ్గర లేరు.

జబ్బుపడ్డ మనిషికి తిండిని మందులాగే లెక్కకట్టి ఇచ్చే చదువును క్లినికల్ న్యూట్రిషన్ అంటారు. ఆ చదువు చదివినవారు డైటీషియన్లు. మన పిల్లలు నర్సింగుకు వెళ్తున్నారు, డి.ఇడి.కి వెళ్తున్నారు, పోలీసు ఉద్యోగాలకు పరుగు నేర్చుకుంటున్నారు. ఈ దారి ఒకటుందని చాలామందికి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఎండిపోయిన బిడ్డ సంగతి చూద్దాం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల జబ్బకు అంగన్‌వాడీలో రంగుల పట్టీ చుట్టి కొలుస్తారు. చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువైతే తీవ్రమైన పోషణ లోపం. 11.5కూ 12.5కూ మధ్య ఉంటే మధ్యస్థం. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి తీస్తే గుంట అలాగే నిలిచిపోయినా తీవ్రమైన లోపమే. ఒళ్లు నీరు పట్టిన బిడ్డను చూసి బొద్దుగా ఉందని మురిసిపోయే ఇళ్లు మనకు తెలుసు.

అలాంటి బిడ్డకు జ్వరమో విరేచనాలో తోడైనా, ఆకలి చచ్చిపోయినా ఆసుపత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రంలో చేరుస్తారు. అక్కడ మొదటి రోజుల్లో ఇచ్చేది ఎఫ్-75 అనే పలుచని పాల ద్రవం. వంద మిల్లీలీటర్లలో 75 కిలో కేలరీలే ఉంటాయి. అదీ రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెంగా, రాత్రి కూడా లేపి పడతారు. ఐరన్ మందు కూడా అప్పుడే ఇవ్వరు. తల్లికి ఇది అర్థం కాదు. 'బిడ్డ ఎండిపోతుంటే గిన్నెడు తిండి పెట్టరా?' అని కోపం వస్తుంది. రెండో రోజో మూడో రోజో ఎవరికీ చెప్పకుండా బిడ్డను జోలెలో వేసుకుని కొండెక్కేస్తుంది. అలా వచ్చేసిన బిడ్డల్లో అందరూ మళ్లీ బడి వయసుకు రాలేదు.

వైద్యం వెనుక కారణం ఉంది. చాలా కాలం తిండి అందని శరీరం అన్ని పనులనూ తగ్గించుకుని బతుకుతుంటుంది. ఒక్కసారిగా ఎక్కువ తిండి పడితే రక్తంలోని భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోయి రక్తంలో పడిపోతాయి. గుండె తట్టుకోలేదు. అందుకే బిడ్డ కుదుటపడి, ఆకలి తిరిగి వచ్చాక మాత్రమే వంద కిలో కేలరీల ఎఫ్-100కు మారుస్తారు. ఐరన్ కూడా బరువు పెరగడం మొదలయ్యాకే.

ఇదంతా తల్లికి తెలుగులో చెప్పినా సగమే చేరుతుంది. కువిలోనో, సవరలోనో, కోయలోనో ఇలా చెప్పొచ్చు: 'ఆరిపోబోతున్న నిప్పు మీద మోపుడు కట్టెలు పడేస్తే ఏమవుతుందమ్మా? చితుకులు పెట్టి మెల్లగా ఊదుతాం కదా. నీ బిడ్డ పొయ్యి ఇప్పుడు అలా ఉంది.' ఈ మాట చెప్పాలంటే వైద్యమూ తెలియాలి, మన పొయ్యీ తెలియాలి.

ఇక అంబలి. చోడిపిండి వంద గ్రాముల్లో దాదాపు 320 కిలో కేలరీలుంటాయి. కానీ పిల్లల పొట్ట చిన్నది. పలుచని అంబలి తాగితే నీళ్లతోనే కడుపు నిండుతుంది. చిక్కగా కాస్తే మింగలేరు. దీనికి మన అవ్వల దగ్గరే ఉపాయం ఉంది. చోళ్లు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి విసిరితే మొలకలో పుట్టే అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలతో చేయించి చూశాం. గ్లాసు నీళ్లలో మామూలు పిండి రెండు పెద్ద చెంచాలకే గట్టిపడింది. మొలకపిండి నాలుగు చెంచాలు వేసినా జారుతూనే ఉంది. అంటే అదే గిన్నెలో బిడ్డకు రెట్టింపు తిండి. అందులో చెంచాడు వలిసె నూనె పడితే ఇంకా బలం.

అదే అంబలి షుగరు ఉన్న తాతకు బుర్రల కొద్దీ పోస్తే మంచిది కాదు. చోళ్లలోనూ పిండిపదార్థమే ఎక్కువ, కొలత ఉండాల్సిందే. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఆకుకూరల్లోని పొటాషియమే ముప్పు కావచ్చు. మునగాకు తినమన్న నోటితోనే వారికి తగ్గించమని చెప్పాల్సి వస్తుంది.

సికిల్ సెల్ సంగతి మరీ ముఖ్యం. ఆదివాసీ ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే ఈ జబ్బును నిర్మూలించడానికి కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న ఒక మిషన్ మొదలుపెట్టింది. పాలిపోయిన పిల్లను చూడగానే 'రక్తం తక్కువ, ఐరన్ మాత్రలు వెయ్యండి' అనేస్తాం. చాలామంది ఆడపిల్లలకు అది నిజంగానే ఐరన్ లోపం. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే మాత్రలు కావాలి, అన్నం తిన్న వెంటనే టీ మానాలి, కూరలో నిమ్మకాయ పిండుకోవాలి. సికిల్ సెల్ పిల్లలో మాత్రం ఎర్రకణాలే తొందరగా విరిగిపోతుంటాయి. ఆ పిల్లకు పుష్కలంగా నీళ్లు కావాలి, డాక్టరు రాసిన ఫోలిక్ ఆమ్లం మాత్ర కావాలి. పలుమార్లు రక్తం ఎక్కించుకున్న పిల్లల ఒంట్లో ఐరన్ పేరుకుపోతుంది. కాబట్టి వారికి పరీక్ష చేయకుండా ఐరన్ ఇవ్వకూడదు. చూడటానికి ఇద్దరూ పాలిపోయిన పిల్లలే, ఇద్దరికీ ఒకే మాత్ర పనికిరాదు.

మా దగ్గర ఒక బాలింతకు పట్నం ఆసుపత్రిలో చీటీ ఇచ్చారు. రోజూ అరలీటరు పాలు, యాపిల్, బాదం పప్పులు అని ఉంది. ఆమె దాన్ని చదివించుకుని ఇంటి చూరులో దోపింది. మన తెగల్లో చాలామందికి పాలు పితికే అలవాటే లేదు, ఆవు పాలు దూడవి. ఆ చీటీలో రాజ్మా పిక్కలు, కందిపప్పు, కోడిగుడ్డు, సంతలో దొరికే ఎండు చేపలు రాసి ఉంటే అది చూరులోకి వెళ్లేది కాదు. చీటీ రాసినవారికి చదువు లేక కాదు, మన సంత తెలియక.

డైటీషియన్ మొదట అడిగేది 'నిన్న ఏం తిన్నావు?' అని. మనవాళ్లు 'అంబలి' అనో 'అన్నం' అనో ఒక్క మాటలో తేల్చేస్తారు. అడవిలో ఏరుకు తిన్న తునికి పండ్లు, కాల్చుకు తిన్న దుంపలు, వానాకాలం పుట్టగొడుగులు లెక్కలోకి రావు. అవి తిండి కాదనుకుంటారు. మళ్లీ అడగాలని తెలిసినవాడికే అవి బయటికొస్తాయి. బుర్రెడు అంబలిలో పిండెంతో, డొప్పెడు కూర ఎన్ని గ్రాములో తూచి రాసుకున్నవాడే సరైన లెక్క కట్టగలడు.

ఈ శాస్త్రం పరాయిది కాదు. 1918లో కూనూరులో చిన్న గదిలో మొదలైన పరిశోధన 1958లో హైదరాబాదు చేరి, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అయింది. దక్కనులో జొన్న తినే పేదల్లో వచ్చే పెల్లాగ్రా గురించి గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో రాశారు. వాళ్లూ పేదవాడి కంచంలో ఏముందని అడిగే మొదలుపెట్టారు. ఆ సంస్థ 2017లో అచ్చువేసిన ఆహార పదార్థాల పట్టికల్లో 528 ఆహారాల లెక్కలున్నాయి.

ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటే పోషకాహారం సబ్జెక్టుగా బీఎస్సీ చేయొచ్చు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో కమ్యూనిటీ సైన్స్ నాలుగేళ్ల కోర్సు ఉంది. తర్వాత ఎమ్మెస్సీ, ఆసుపత్రిలో శిక్షణ, రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష. దీనికి రసాయన శాస్త్రం కావాలి, శరీర ధర్మ శాస్త్రం కావాలి, కూడికలూ గుణకారాలూ తడబడకుండా రావాలి. ఉపాధ్యాయ మిత్రులు ఏడో తరగతి నుంచే పిల్లల చేతికి తక్కెడ ఇస్తే ఆ భయం పోతుంది.

ఈ దారిలో వెళ్లాలనుకునే పిల్లలు సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం పట్టుకెళ్లండి. వారం రోజులు మీ ఇంట్లో ఎవరెవరు ఏం తిన్నారో, ఎన్ని గరిటెలో, మీ భాషలో ఉన్న పేర్లతోనే రాయండి. అమ్మ ఆఖరున ఏం తిన్నదో తప్పకుండా రాయండి.