ఐరోపాలో ఓ ఏడుకొండల ఊరు

ఏడుకొండలు అనగానే మనకు తిరుమలే గుర్తొస్తుంది. ఐరోపా పడమటి కొసన ఉన్న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌నూ ఏడుకొండల నగరమనే అంటారు. కాళ్లు పీకేసే ఎత్తుపల్లాల వీధులు, పసుప్పచ్చ ట్రాములు, నిప్పుల మీద కాలుతున్న సార్డిన్ చేపలు, రాత్రయితే గుండెను పిండే పాటలు... నాలుగు రోజులు తీరిగ్గా తిరిగితే ఆ ఊరు మనకు కొత్తగా అనిపించదు. ఎందుకంటే అక్కడి మాటలు ఏనాడో మన ఇళ్లలోకి వచ్చేశాయి!

అల్మారా, బాల్చీ, తువాలు, బొత్తాం, మేస్త్రీ... ఇవన్నీ పోర్చుగీసు నుంచి వచ్చిన మాటలే. లిస్బన్‌లో పండ్ల కొట్టు దగ్గర ‘అననాష్’ అని వినిపిస్తే అది మన అనాసపండే. వాళ్లూ మన దగ్గర్నుంచి ఊరికే పోలేదు. అక్కడి హోటల్లో ‘కాంజ’ అడిగితే బియ్యం, కోడిమాంసం వేసి కాచిన సూపు తెస్తారు. మలయాళీల కంజి, అంటే మన గంజే, ఓడెక్కి వెళ్లి అలా మారింది. కాఫీ కొట్టు అద్దాల వెనక కనిపించే ‘షముస’ అచ్చంగా సమోసా! ఇక మిరపకాయ సంగతి సరేసరి. ఎక్కడో అమెరికా ఖండాల్లో పుట్టిన మిరపను మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువారే. వాళ్లే లేకపోతే గుంటూరు కారం ఏమయ్యేదో!

కూలి, మళ్లీ లేచి...

లిస్బన్ చూడాలంటే టేగస్ నది ఒడ్డునున్న వాణిజ్య కూడలి నుంచి మొదలుపెట్టాలి. మూడు పక్కలా పసుపురంగు భవనాలు, నాలుగో పక్క నది. ఒకప్పుడు ఇక్కడ రాజభవనం ఉండేది. 1755 నవంబరు 1న, సకల పునీతుల పండగ రోజు ఉదయం జనమంతా చర్చిల్లో ఉన్న సమయంలో భూకంపం వచ్చింది. వెనకే సునామీ విరుచుకుపడింది. మిగిలినదాన్ని మంటలు మింగేశాయి. ఆ శిథిలాల మీద మంత్రి పొంబాల్ కొత్త ఊరు కట్టించాడు. వీధులు గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి. భూమి కదిలినా ఇళ్లు కూలకుండా గోడల్లోపల కర్రచట్రాలు అమర్చారు. నమూనా కట్టి, చుట్టూ సైనికులతో కవాతు చేయించి దాని బలం చూశారని చెబుతారు. కొండమీది కార్మో మఠం చర్చికి మాత్రం పైకప్పు మళ్లీ వేయలేదు. రాతి కమానుల మధ్య నుంచి ఆకాశం కనిపిస్తుంటే, ఆనాటి విపత్తు ఎంతటిదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

గోడలు రాసుకుంటూ ట్రాము

ఊరి పాతపేటలన్నీ చూపించేది 28వ నంబరు ట్రాము. 1930లనాటి బుల్లిపెట్టె, లోపలంతా చెక్కపని. సందుల్లో వెళ్తుంటే చెయ్యి చాస్తే గోడ తగిలేంత ఇరుకు. మధ్యాహ్నమైతే నిలబడ్డానికీ చోటుండదు. జేబుదొంగలకు అదే అదను. పొద్దున్నే ఎక్కితే హాయి.

కొండెక్కించే పాత వాహనాల్లో గ్లోరియా కేబుల్ ట్రాము ఒకటి. 1885 నుంచి నడిచింది. 2025 సెప్టెంబరు 3న తీగ తెగి పట్టాలు తప్పడంతో 16 మంది చనిపోయారు. ఊరివాళ్లూ, చూడవచ్చినవాళ్లూ కలిసి ఎక్కే బండి కావడంతో ఆ దుఃఖం నగరమంతటిదీ అయింది.

ఎండుచేప... గుడ్డు సొన

పోర్చుగీసువారికి ప్రాణం ‘బకల్యావ్’. ఉప్పుపట్టించి ఎండబెట్టిన కాడ్ చేప అది. విచిత్రమేమిటంటే ఆ చేప వాళ్ల సముద్రంలో దొరకదు. నార్వే లాంటి చలిదేశాల నుంచి తెచ్చుకుంటారు. దాంతో రోజుకొకటి చొప్పున 365 వంటకాలు చేస్తామని గొప్పగా చెప్పుకుంటారు. చేపను పీలికలు చేసి, సన్నగా తరిగి వేయించిన ఆలుగడ్డ, గుడ్డు కలిపి చేసే ‘బకల్యావ్ అ బ్రాష్’ మొదటిసారి తినేవారికి బాగా నప్పుతుంది.

తీపికి బెలెం పేటకు వెళ్లాలి. 1501లో కట్టడం మొదలైన జెరోనిముష్ మఠం అక్కడే ఉంది. 1498లో కోళికోడ్ తీరాన దిగిన వాస్కోడగామా సమాధి ఈ మఠం చర్చిలోనే ఉంది. మఠాలు మూతపడే రోజుల్లో అక్కడి వంటకం బయటికొచ్చింది. 1837 నుంచి పక్కనే ఓ దుకాణంలో అమ్ముతున్నారు. పొరలుపొరలుగా కరకరలాడే గిన్నెలో గుడ్డు సొన, పాలు, పంచదార కలిపిన మీగడ. పైన కాస్త దాల్చినచెక్క పొడి చల్లుకుని వేడివేడిగా తినాలి.

పాట మొదలైతే మాట బంద్

భూకంపానికి చాలావరకు తట్టుకున్న పేట అల్ఫామా. రాత్రి ఇక్కడి చిన్నచిన్న హోటళ్లలో ఫాడో పాడతారు. పాట మొదలయ్యే ముందు దీపాలు తగ్గిస్తారు. స్పూను చప్పుడైనా పక్కవాళ్లు ఉరిమి చూస్తారు. 1999లో ఫాడో గాయని అమాలియా రోద్రిగిష్ చనిపోతే ప్రభుత్వం మూడు రోజులు సంతాపదినాలు ప్రకటించింది. 2011లో ఫాడోకు యునెస్కో గుర్తింపు వచ్చింది. జూన్ 12 రాత్రి సెయింట్ ఆంటొనీ పండగకు ఇవే సందుల్లో పొయ్యిలు వెలిగించి సార్డిన్లు కాలుస్తారు. మన తులసికి చుట్టమైన ఓ చిన్న మొక్కను కుండీలో పెట్టి, కాగితంమీద కవిత రాసి ఇష్టమైనవారికి ఇస్తారు.

అయితే ఆ పొయ్యి వెలిగించే చేతులే తగ్గిపోతున్నాయి. పాత ఇళ్లు ఒక్కొక్కటే పర్యటకుల బసలుగా మారిపోవడంతో అద్దెలు కట్టలేక ఊరివాళ్లు శివార్లకు వెళ్లిపోతున్నారు. 2023లో ఇళ్ల కోసం వేలమంది వీధుల్లోకొచ్చి నినదించారు. పక్కనున్న మొరారియా పేటలో ‘బెకు దష్ ఫరీన్యష్’ అనే సందు ఉంది. అక్కడి పెద్దవాళ్ల ఫొటోలను ఓ బ్రిటిష్ ఫొటోగ్రాఫరు ఆ సందు గోడల మీదే ముద్రించారు. ఊరు చూసి మెచ్చుకునేవాళ్లు ఆ ముఖాల ముందు ఓ నిమిషం ఆగాలి. వీళ్లు లేకపోతే మిగిలేది గోడలే!

వెళ్లాలంటే...

* హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. దుబాయ్‌లాంటి చోట మారాలి. షెంజెన్ వీసా తప్పనిసరి.

* ఏప్రిల్-జూన్, సెప్టెంబరు-అక్టోబరు అనువైన కాలం.

* హోటల్లో అడగకుండానే పెట్టే బ్రెడ్డు, ఆలివ్ పళ్లు ఉచితం కాదు. వద్దంటే తీసేస్తారు.

* నున్నటి రాళ్లు పరిచిన కాలిబాటలు వానకు జారతాయి. పట్టున్న బూట్లు మేలు.

* శాకాహారులు సూపులో మాంసం ఉందేమో ముందే అడగాలి.

* ‘బొం దియ’ అంటే శుభోదయం. ముసలివాళ్లను అలా పలకరించి చూడండి.