లూనాకు చింతపండు వైద్యం

పాత లూనా ఉన్న ఇంట్లో పాత మనిషి కూడా ఒకరుంటారు. 1972లో పుట్టిన ఆ 50 సీసీ బండికి పెట్రోలయిపోతే తొక్కడానికి పెడళ్ళయినా ఉన్నాయి. మనుషులకా సదుపాయం లేదు. 2015లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరుకు మానేసిన మా మామయ్య, తన లూనానూ గోడకు చేర్చారు.

"గీ పైసలకు సెకండ్ హ్యాండుది రాదా అక్కా?" అన్నాడు వర్ని మెకానిక్కు. నా దగ్గరున్నవి 2,000 రూపాయలే! ఇత్తడి బిందెలు తోమిన చెయ్యి కదా, టాంకు తుప్పుకు చింతపండు నీళ్ళు, గులకరాళ్ళు పోసి నేనే కుదిపాను. కార్బురేటరు కడిగించి, ప్లగ్గు, ట్యూబులు వేయించేసరికి డబ్బు చెల్లు. రంగు సంగతి తర్వాత.

ఆయిలు కలిపిన పెట్రోలు పోసి స్టార్టు చేయగానే మామయ్య చెప్పులు వెతుక్కుంటూ వచ్చారు.

"చెరుకు లేదాయె, ఏడికి పోతరు?" అంది అత్తయ్య.

"ఊరికెనే."

ఆ ఊరికెనే ఖరీదు రెండువేలని మా వారికెలా చెప్పడం, మీరే చెప్పండి!