అమ్మ తేనె, నా జెల్

నెలకోసారి నాకు నోటిపూత గ్యారంటీ. పెదవి లోపల ఆవగింజంత తెల్లటి పుండు. అంతే! కానీ మీటింగ్‌లో నాలుగు మాటలు మాట్లాడాలన్నా నరకమే. ఇక ఆవకాయ సంగతి చెప్పక్కర్లేదు.

ఊరికి ఫోన్ చేస్తే అమ్మది ఒకటే మాట. "వేడి చేసిందిరా. తేనె రాయి, పచ్చికొబ్బరి నములు." నేనేమో మెడికల్ షాపుకెళ్లి జెల్ తెచ్చుకునేవాణ్ని. "నీ చిట్కాలకి ప్రూఫ్ ఏంటమ్మా?" అని ఆటపట్టించేవాణ్ని కూడా.

ఓసారి పంతానికి రెండూ చూశా. ఒక నెల తేనె, ఉప్పునీళ్లు. ఇంకో నెల జెల్. ఫోన్‌లో తేదీలు రాసుకున్నా. తేనె మొదట చురుక్కుమంది, తర్వాత కాస్త హాయి. జెల్‌తో అక్కడ తిమ్మిరెక్కి, ఆ కాసేపు తినగలిగా. మానడానికి మాత్రం రెండుసార్లూ పది రోజులు పట్టింది. ఇలాంటి చిన్న పుండ్లు ఏమీ రాయకపోయినా వారం, రెండు వారాల్లో మానిపోతాయట. అంటే అమ్మా గెలవలేదు, నేనూ గెలవలేదు.

రాసుకోవడం మాత్రం ఆపలేదు. ఏడాది తిరిగేసరికి లెక్క 11! అప్పుడు డాక్టర్ దగ్గరికెళ్లా. ట్రయామ్‌సినలోన్ పేస్ట్ రాశారు. "ఇది స్టెరాయిడ్. పుండు మొదలవగానే, పడుకునే ముందు పైపైన అద్దాలి, రుద్దకూడదు. వాపు, నొప్పి తగ్గుతాయి. మళ్లీ రాకుండా మాత్రం ఆపలేదు" అన్నారు. టూత్‌పేస్ట్‌లో నురగ కోసం కలిపే సోడియం లారిల్ సల్ఫేట్ కొందరికి పడదని, అది లేనిది వాడమన్నారు. ఐరన్, ఫోలేట్, బి12 పరీక్షలూ రాశారు.

నాకు బి12 బాగా తక్కువ. మాంసం, గుడ్లు ముట్టను. పీజీలో చేరాక పాలూ పెరుగూ కూడా మానేశా. ఇంకెక్కణ్నుంచి వస్తుంది?

అమ్మకి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నాకూ వస్తూనే ఉంటాయి రా. అందుకేగా మజ్జిగన్నంతో సరిపెట్టుకునేది" అంది.

నాకు తెలిసినప్పటి నుంచీ అమ్మకి మజ్జిగన్నం ఇష్టమనే అనుకున్నా!

మర్నాడే పరీక్ష చేయించా. అమ్మకి ఐరన్ తక్కువ. ఇప్పుడు ఇద్దరం డాక్టర్ చెప్పిన మాత్రలు వాడుతున్నాం. ఈ ఆరు నెలల్లో నాకు రెండుసార్లే వచ్చింది. వచ్చినప్పుడు తేనె రాస్తా, పేస్టూ అద్దుతా. గొడవేం లేదు.

మీకూ మాటిమాటికీ వస్తుంటే ఏం రాయాలన్న దగ్గరే ఆగిపోకండి. ఎందుకొస్తోందో అడగండి. మూడు వారాలైనా మానని పుండుని అస్సలు వదిలేయొద్దు. ఇంకోటి... ఇంట్లో మజ్జిగన్నం తినేవాళ్లని కూడా ఓసారి అడగండి.