జన్యువుకు ముందున్న రెండొందల అక్షరాలు

హైదరాబాద్‌లో తార్నాక దాటి హబ్సిగూడ, ఉప్పల్ వైపు వెళ్తుంటే ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలు ఒకదాని తర్వాత ఒకటి తగులుతాయి. ఆ చుట్టుపక్కలే ఉన్న ఒక పరిశోధన బృందం పని చూడటానికి ఈ జూలైలో వెళ్లాను. వాళ్ల ఫలితాలు ఇంకా అచ్చు కాలేదు. అచ్చయ్యేదాకా సంస్థ పేరు, తమ పేర్లు రాయవద్దని కోరారు. అందుకని పేర్లు వదిలేసి పని గురించే రాస్తున్నాను.

పెద్దపేగులో బతికే బ్యాక్టీరియా తన జన్యువుల్లో దేన్ని ఎప్పుడు పనిలోకి దించుతుంది, దేన్ని ఎప్పుడు ఆపుతుంది? దాని డీఎన్‌ఏ చదివి ఈ సంగతి ముందే చెప్పగలమా? ఈ బృందం ప్రశ్న ఇదే.

మొదటి గది నిండా కంప్యూటర్లే. బృందాన్ని నడిపే మేడం తెల్లబోర్డు మీద ఒక అడ్డగీత గీసి, దాని మీద బాణం గుర్తు పెట్టారు. "ఈ బాణం జన్యువు. ఇది ఏ ప్రొటీన్ తయారుచేస్తుందో చెప్పడం ఇప్పుడు చాలావరకు తేలికే. మేం చదివేది దీనికి ముందున్న ఖాళీని. రెండొందల అక్షరాలుంటాయి, ఒక్కోసారి మూడొందలు. జన్యువు పనిచేయాలా వద్దా అన్న నిర్ణయం ఎక్కువగా అక్కడే జరుగుతుంది" అన్నారు.

ఆ ఖాళీకి ఉన్న ప్రాముఖ్యాన్ని లోకానికి చూపించినవాళ్లు పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మొనో. వాళ్లు పనిచేసింది పేగు బ్యాక్టీరియా ఇ. కోలై మీదే. చుట్టూ లాక్టోజ్ లేనప్పుడు దాన్ని అరిగించే జన్యువులు పనిచేయవు. ఏదో పదార్థం ఆ జన్యువుల ముందున్న డీఎన్‌ఏను పట్టుకుని అడ్డుపడుతోందని 1961లో వాళ్లు ప్రతిపాదించారు. ఆ అడ్డుపడేది ఒక ప్రొటీన్ అని 1966లో హార్వర్డ్‌లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ దాన్ని వేరుచేసి చూపించారు. అప్పటికే, 1965లో, జాకబ్, మొనోలకు ఆంద్రే ల్వోఫ్‌తో కలిపి నోబెల్ వచ్చింది.

ఇలాంటి నియంత్రక ప్రొటీన్లు ఇ. కోలైలో సుమారు 300 ఉన్నాయి. ఒక్కోటీ డీఎన్‌ఏ మీద తనకు సరిపడే చిన్న అక్షరాల వరసను వెతుక్కుని పట్టుకుంటుంది. ఆ వరసను మోటిఫ్ అంటారు. ఏ నియంత్రకం ఏయే జన్యువులను నడుపుతుందో గీతలతో కలిపితే వచ్చే పటం జన్యు నియంత్రణ నెట్‌వర్క్. ఇ. కోలైకి సంబంధించి ప్రయోగాల్లో తేలిన గీతలన్నిటినీ మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు రెగ్యులాన్‌డీబీ అనే సమాచార నిధిలో ఏళ్ల తరబడి పోగుచేస్తున్నారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఇ. కోలైని థియోడర్ ఎష్రిక్ 1885లో వర్ణించాడు. ప్రయోగశాలలో పెంచడం తేలిక. పాఠ్యపుస్తకాలన్నీ దాని చుట్టూనే తిరిగాయి. కానీ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల పేగులోని బ్యాక్టీరియాలో దాని వాటా మామూలుగా ఒక శాతం కూడా ఉండదు. అక్కడ రాజ్యమేలేవి ఆక్సిజన్ గిట్టని జాతులు. బ్యాక్టీరాయిడిస్ అలాంటి వాటిలో ముఖ్యమైన ప్రజాతి.

"ఇ. కోలై నియమాలే వీటికీ వర్తిస్తాయనుకుంటే కుదరదా?" అని అడిగాను.

"కుదరదు సార్" అంది శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన పీహెచ్‌డీ అమ్మాయి. ఇ. కోలైలో జన్యువు చదవడం మొదలయ్యే చోటుకు పది అక్షరాల ముందు టి-ఎ-టి-ఎ-ఎ-టి అన్న వరస గానీ దానికి దగ్గరిది గానీ ఉంటుంది. 1975లో డేవిడ్ ప్రిబ్నో దాన్ని వర్ణించాడు. బ్యాక్టీరాయిడిస్‌లో ఆ వరస కోసం వెతికితే పెద్దగా దొరకదు. అక్కడ ఏడక్షరాల ముందు టి-ఎ, తర్వాత ఏవైనా రెండక్షరాలు, ఆపైన టి-టి-టి-జి అన్న వేరే పద్ధతి ఉందని 2000లో బ్యాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ మీద చేసిన పనిలో బయటపడింది. ఇ. కోలై కోసం తయారైన ప్రోగ్రామును తెచ్చి బ్యాక్టీరాయిడిస్ జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ వరస) మీద నడిపితే అది నమ్మకంగా తప్పు చెబుతుంది.

ఆ అమ్మాయి పనిచేసేది బ్యాక్టీరాయిడిస్ థీటాయోటావోమైక్రాన్ మీద. ల్యాబ్‌లో అందరూ థీటా అంటారు. దాని జీనోమ్ 2003లో వెలువడింది. సుమారు 62.6 లక్షల అక్షరాలు, 4,779 ప్రొటీన్ జన్యువులు. మనం తిన్న గింజలు, కూరల్లో మన ఎంజైములకు లొంగని పిండిపదార్థాలను విరగ్గొట్టడమే దాని బతుకుతెరువు. అందుకోసం 88 జన్యు గుంపులను దాచుకుంది. ఏ పీచు వస్తే దానికి తగిన గుంపును తెరుస్తుంది. వాటిలో స్టార్చ్ కోసం పనిచేసే గుంపును అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో అబిగేల్ సాలియర్స్ బృందం ముందుగా ఛేదించింది. ఆ గుంపును నడిపే ప్రొటీన్ సస్‌ఆర్. స్టార్చ్ విరిగితే వచ్చే మాల్టోజ్ తగిలిన తర్వాతే అది జన్యువులను లేపుతుంది.

ఇక మోటిఫ్ వేట ఎలా జరుగుతుందో చూపించమన్నాను. అమ్మాయి ముందు ఒక కాగితం మీద లెక్క వేసింది. మోటిఫ్ ఆరక్షరాలే అనుకుందాం. డీఎన్‌ఏలో ఉండే ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో ఆరు స్థానాలు నింపితే 4,096 వరసలు వస్తాయి. నాలుగు అక్షరాలూ సమానంగా ఉంటే, ఏ ఆరక్షరాల వరసైనా సగటున 4,096 అక్షరాలకు ఒకసారి ఊరికే తగులుతుంది. థీటా జీనోమ్‌లో డీఎన్‌ఏకు ఉండే రెండు పోగుల్లో ఒక్కదాని మీదే సుమారు 1,500 చోట్ల కనిపిస్తుందన్నమాట. వాటిలో నిజంగా ప్రొటీన్ కూర్చునేవి పది ఉంటే గొప్ప. "దొరకడం కష్టం కాదు సార్, దొరికినవాటిలో అబద్ధాలను ఏరిపారేయడమే కష్టం" అంది.

ఏరడానికి మొదటి ఆధారం మోటిఫ్ ఆకారం. నియంత్రక ప్రొటీన్లు చాలావరకు జంటగా వచ్చి కూర్చుంటాయి. అందుకే మోటిఫ్‌కూ రెండు సగాలుంటాయి. ఇ. కోలైలోని సీఆర్‌పీ ప్రొటీన్ వరస టి-జి-టి-జి-ఎ, మధ్యలో ఏవైనా ఆరక్షరాలు, ఆ తర్వాత టి-సి-ఎ-సి-ఎ. ఎదుటి పోగు మీద వెనక నుంచి చదివినా ఇదే వస్తుంది. వికటకవిని ఎటు నుంచి చదివినా వికటకవే అయినట్టు. అయితే అసలు చోట్లు ఈ పదక్షరాలనూ తు.చ. తప్పకుండా పాటించవు. ఒకచోట ఒకటి మారుతుంది, ఇంకోచోట రెండు మారుతాయి. కాబట్టి ఏ స్థానంలో ఏ అక్షరానికి ఎంత బరువు ఇవ్వాలో పట్టిక వేసి మార్కులు కలుపుతారు. 1980ల తొలినాళ్లలో గ్యారీ స్టోర్మో వంటివాళ్లు మొదలుపెట్టిన ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది.

రెండో ఆధారం చుట్టాలు. స్క్రీన్ మీద నాలుగు వరసలు ఒకదాని కింద ఒకటి పేర్చి ఉన్నాయి. థీటా, ఓవాటస్, యూనిఫార్మిస్, ఫ్రాజిలిస్ నాలుగూ బ్యాక్టీరాయిడిస్ జాతులే. ఒకే పని చేసే జన్యువుకు ముందున్న ఖాళీని నాలుగింటి నుంచీ తీసి పెట్టారు. నాలుగింటిలోనూ ఒకటే అయిన అక్షరాలకు రంగు పడుతుంది. మౌస్‌తో పక్కకు జరుపుతూ పోతే అంతా తెలుపే. అక్కడొకటి ఇక్కడొకటి రంగు చుక్క. తొంభయ్యో అక్షరం దగ్గర ఒక్కసారిగా నిలువు పట్టీలు వరసగా వచ్చాయి. ఐదు పట్టీలు, కాస్త ఎడం, మళ్లీ ఐదు. అక్కరలేని అక్షరాలు తరాలు గడిచేకొద్దీ మారిపోతాయి. మారితే బతుకు కష్టమయ్యే అక్షరాలు మాత్రం నిలబడతాయి. అది కళ్లారా చూశాను. అమ్మాయి ఇంకో మీట నొక్కగానే ఆ చోటు బొమ్మగా మారింది. గట్టిగా నిలిచిన అక్షరం పొడుగ్గా, ఊగిసలాడేది పొట్టిగా. 1990లో టామ్ ష్నైడర్, మైక్ స్టీఫెన్స్ రూపొందించిన ఈ బొమ్మను సీక్వెన్స్ లోగో అంటారు.

మూడో ఆధారం జన్యువుల నడవడి. బ్యాక్టీరియాను ఒకసారి గ్లూకోజ్‌లో, ఒకసారి స్టార్చ్‌లో, ఇంకోసారి పండ్లలో ఉండే పెక్టిన్‌లో పెంచి, ఏ జన్యువు ఎంత పనిచేసిందో ఆర్‌ఎన్‌ఏ కొలిచి చూస్తారు. కలిసి లేచి కలిసి పడుకునే జన్యువులకు యజమాని ఒకరే అయి ఉండవచ్చు. "ఉండవచ్చు" అన్న మాటను మేడం ఒత్తి పలికారు. రెండు జన్యువులు కలిసి నడిచినంత మాత్రాన ఒకటి రెండోదాన్ని నడుపుతోందని కాదు.

ఈ ఊహలు ఎంతవరకు నిలుస్తాయో 2012లో డ్రీమ్-5 అనే పోటీ ఫలితాలు చెప్పాయి. ముప్ఫైకి పైగా పద్ధతులను ఒకే సమాచారం మీద పరీక్షించారు. ఏ ఒక్క పద్ధతీ అన్నిచోట్లా నెగ్గలేదు. అన్నిటి జవాబులనూ కలిపి తీసుకున్నప్పుడే నిలకడగా మంచి ఫలితం వచ్చింది. అలా కలిపి ఇ. కోలైలో ఊహించిన కొత్త సంబంధాల్లో 53 తీసుకుని ప్రయోగం చేస్తే 23 నిలబడ్డాయి. అంటే 43 శాతం. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా తెలిసిన బ్యాక్టీరియాలోనే ఇదీ లెక్క.

అందుకే వీళ్ల రెండో గది నాకు మొదటి గది కన్నా ముఖ్యమనిపించింది. అక్కడ బల్ల పొడుగునా పారదర్శకమైన ప్లాస్టిక్ గుడారం ఉంది. లోపల నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొద్దిగా హైడ్రోజన్. పొరపాటున ఆక్సిజన్ దూరితే పల్లేడియం సాయంతో హైడ్రోజన్ దాన్ని నీరుగా మార్చేస్తుంది. గుడారానికి అమర్చిన రబ్బరు తొడుగుల్లో మోచేతుల దాకా చేతులు పెట్టి పని చేయాలి. ట్యూబుల్లోని ద్రావణంలో రెజాజురిన్ అనే రంగు కలుపుతారు. ఆక్సిజన్ లేకపోతే రంగు ఉండదు, తగిలితే గులాబీ రంగుకు తిరుగుతుంది. అమ్మాయి ఒక ట్యూబును బయటికి తెచ్చి మూత తీసింది. పై అంచు నుంచి పల్చని గులాబీ పొర కిందికి దిగడం మొదలైంది. "ఇక ఈ ట్యూబు పనికిరాదండి" అని పక్కన పెట్టేసింది.

ఆ రోజు రెండు ఊహలకు పరీక్ష. కంప్యూటర్ చూపించిన మోటిఫ్ ఉన్న డీఎన్‌ఏ ముక్కను, దాన్ని పట్టుకుంటుందనుకున్న ప్రొటీన్‌తో కలిపి జెల్‌లో నడిపారు. ప్రొటీన్ పట్టుకుంటే ముక్క బరువెక్కి వెనకబడుతుంది. మొదటి ఊహ నిలిచింది. ప్రొటీన్ కలిపిన లేన్‌లో పట్టీ పైనే ఆగింది. మోటిఫ్‌లో నాలుగక్షరాలు మార్చిన ముక్క మాత్రం ఏ అడ్డూ లేకుండా కిందికి జారింది. రెండో ఊహలో అన్ని లేన్లూ ఒకలాగే ఉన్నాయి. ప్రొటీన్ దాన్ని పట్టుకోలేదు. అక్కడ చక్కెర ఏదైనా తోడు కావాలేమో, అది కలిపి మళ్లీ వేస్తామన్నారు. అప్పటికీ పట్టకపోతే ఆ గీతను నెట్‌వర్క్ నుంచి తీసేస్తారు. "ఓడిన ఊహ గురించి కూడా రాయండి" అని మేడం గట్టిగా చెప్పారు. ఓడిన వాటిని కూడా లెక్కలోకి తీసుకుంటేనే తర్వాతి ప్రోగ్రాము మెరుగవుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, ఈ నిర్ణయాల ఫలితం మన పేగు గోడ మీదే పడుతుంది. ఆహారంలో పీచు అందనప్పుడు థీటా వంటి బ్యాక్టీరియా వేరే జన్యు గుంపులను తెరిచి పేగును కాపాడే జిగురు పొరలోని చక్కెరలను తినడం మొదలుపెడుతుంది. పీచు మానిపించిన ఎలుకల్లో ఆ పొర పల్చబడి, రోగక్రిములకు దారి దొరికిందని 2016లో ఒక అధ్యయనం చూపింది. ఆహారంలోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ థీటాలో ఒక ముఖ్య నియంత్రకాన్ని నోరు మూయిస్తాయని, అది లేకపోతే థీటా పేగులో సరిగా నిలదొక్కుకోలేదని 2019లో యేల్ శాస్త్రవేత్తలు ఎలుకల్లోనే తేల్చారు. మనుషుల్లో అంతా ఇలాగే జరుగుతుందని దీన్నిబట్టి చెప్పేయకూడదని మేడం హెచ్చరించారు. ఆ హెచ్చరికను పాఠకులకూ అందిస్తున్నాను.

మనవాళ్లకు దీనితో ఇంకో సంబంధం ఉంది. గింజలు, పప్పులు, కూరలు ఎక్కువగా తినే భారతీయుల పేగుల్లో బ్యాక్టీరాయిడిస్ కన్నా దాని దూరపు బంధువు ప్రెవొటెల్లా ఎక్కువగా కనిపిస్తుందని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. ప్రయోగశాలలో దాని జన్యువులను మార్చి చూడటం థీటాలో కన్నా చాలా కష్టం. కాబట్టి జొన్నలు, రాగులు మన పేగులో ఏ జన్యువులను లేపుతాయో తెలియాలంటే జీనోమ్ చదివి ఊహించడమే మొదటి మెట్టు.

ఈ పనికి కావాల్సిన సరంజామాలో సగం ఇప్పటికే అందరి చేతిలో ఉంది. వేల బ్యాక్టీరియాల జీనోములు అమెరికా ప్రభుత్వ సమాచార నిధి ఎన్‌సీబీఐలో ఉచితంగా దొరుకుతాయి. మోటిఫ్‌లు వెతికే మీమ్ ప్రోగ్రాము 1994 నుంచి ఉంది, విద్యార్థులకు ఉచితమే. నియంత్రకాల పటాలతో రెగ్‌ప్రిసైస్ అనే సమాచార నిధి ఉంది. విజయనగరంలోనో వరంగల్‌లోనో డిగ్రీ చదివే పిల్లలు కూడా నాలుగు జాతుల ఖాళీలను పక్కపక్కన పేర్చి చూడవచ్చు. అధ్యాపకులారా, మైక్రోబయాలజీ పిల్లలనూ కంప్యూటర్ సైన్సు పిల్లలనూ ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి ఈ పని మొదలుపెట్టించండి. విశ్వవిద్యాలయాల పెద్దలకూ ఒక విన్నపం. కంప్యూటర్లతో పాటు ఆక్సిజన్ లేని గుడారం ఒకటి కొని పెట్టండి. పరీక్షకు నిలబడే వీలు లేని ఊహ ఎంత బాగున్నా అది సైన్సు కాదు.